పీటలోంచి ఎగిరిపోయిన చిలక

గరికిపాలెంలో ముగ్గురన్నదమ్ములు. "ఊరు మొత్తం మీద తెలివి మనింట్లోనే ఉందిరా," అనేవాడు పెద్దోడు సన్నాసి. "అందుకే ఇల్లు ఇరుకైంది," అనేవాడు నడిపోడు అప్పలకొండ. చిన్నోడు గవిరేసు. వాడి మనసెప్పుడూ మేనమామ కూతురు పైడితల్లి జడ చుట్టూ తిరుగుతుండేది.

మేనమామ సోమలింగం కొయ్యబొమ్మలు చెక్కుతాడు. "పెళ్ళిపీట మీద నీ చేత్తో చిలకని చెక్కి తే. పిల్లనిస్తాను," అన్నాడు గవిరేసుతో. "కర్ర చూసి తెచ్చుకో. గోరు దిగాలి, తేలిగ్గా ఉండాలి, ముడులుండకూడదు. నీడన ఆరనియ్యి. చిలక కర్రలోనే ఉంటుందిరా. చిలక కానిదంతా తీసెయ్యి, అంతే."

ముగ్గురూ చెట్టుచెట్టుకీ గోళ్ళు గుచ్చారు. టేకు మీద సన్నాసి గోరు విరిగింది. "పనికిరాని కర్ర," అన్నాడు. మద్దిమాను దగ్గర అప్పలకొండ గోరు ఊడింది. "ఇదీ అంతే." ఆఖరికి అరటిచెట్టు. గవిరేసు బొటనవేలు మొత్తం లోపలికి పోయింది. ముడన్నది లేదు. పీటంత ముక్క కోసి ఎత్తితే పసిపిల్లలా చంకలో ఒదిగింది.

"టేకు కొనేవాళ్ళకి ఎవరూ చెప్పరేమో, పాపం," అని జాలిపడ్డాడు సన్నాసి.

ముక్కని ఇంటి నీడన పెట్టారు. నీడ జరిగింది. అంతే, ముక్కనెత్తుకుని ముగ్గురూ నీడ వెనకాలే ఇంటి చుట్టూ నడిచారు. ఇంతలో మబ్బు పట్టింది. నీడ లేదు.

"ఎవడో ఎత్తుకుపోయాడు," అని కూలబడ్డాడు సన్నాసి.

"ఆరింది చాల్లే అన్నయ్యా. అక్కడ పైడితల్లి ఎదురుచూస్తుంటుంది," అని గవిరేసు ఉలి పట్టాడు.

ఒక పొర తీశాడు. "ఇది చిలకేనా?"

"తెల్లగా ఉంది. కాదు, తీసెయ్."

ఇంకో పొర. "దీనికి ముక్కుందా?"

"లేదు. తీసెయ్."

తీసి తీసి, ఇంకేముంది, చేతికి జిగురు తప్ప ఏమీ మిగల్లేదు. సరిగ్గా అప్పుడే చూరు మీంచి ఓ చిలక కీచుమంటూ ఎగిరిపోయింది.

గవిరేసు కళ్ళు చెమర్చాయి. "చూశారా, ఎంత బాగా చెక్కానో. ప్రాణమొచ్చేసింది."

వట్టి చేతులతో మావయ్య ఇంటికెళ్ళాడు. మావయ్య లేడు. సంగతంతా విని పైడితల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఒక్కటే ఎగిరిందా బావా? పెళ్ళిపీట మీద జంట ఉండొద్దూ?"

బావా అంది. వాడి గుండె దూదిపింజలా తేలిపోయింది. ఇంకేముంది, పెళ్ళిపందిరికని మావయ్య పెరట్లో అట్టేపెట్టిన గెల అరటిచెట్ల మీద పడ్డాడు.

సోమలింగం వచ్చేసరికి పెరడంతా అరటిపొరలే. మిగిలిన ఒక్క చెట్టునీ రెండు చేతులా వాటేసుకుని, చెవి ఆనించి నిలబడి ఉన్నాడు గవిరేసు.

"చప్పుడు చెయ్యకు మావయ్యా," అన్నాడు గుసగుసగా. "ఆడచిలక దీన్లోనే ఉంది."