బతికున్న ముక్కు

అనగనగా అంటే మరీ రాజుల కాలం కాదు. కొండ మీదికి దారి పడింది గాని బస్సు ఇంకా పడని కాలం. కొండ కింద గెడ్డదరి అని ఓ ఊరు. ఆ ఊరి మొగలో ఓ రేకుల షెడ్డు. ఆ షెడ్డులో పైడయ్య అని ఓ ముసలి మెకానిక్కు. పెళ్ళాం లేదు, పిల్లలు లేరు. పానాలు, సుత్తి, కూర్చోడానికి ఓ పాత టైరు, అదే ఆయన సంసారం.

పైడయ్యకు ఓ అలవాటు. వేడి బండిని ముట్టేవాడు కాదు. ఎవరెంత తొందరపెట్టినా బానెట్టు ఎత్తేసి, టైరు మీద కూర్చుని, "చల్లారనీ బాబూ, చల్లారనీ" అనేవాడు.

"పైడయ్యకి బండి ఇచ్చిననాడు జీడిమొక్క పాతండి. బండి తిరిగొచ్చేసరికి పిక్కలు ఏరుకోవచ్చు" అని టీకొట్టు దగ్గర వెక్కిరించేవారు. ఆయన కూడా నవ్వేవాడు.

ఆ ఊళ్ళోనే దాలినాయుడు అని ఓ డ్రైవరు. వాడికి ఓ పాత డీజిలు కారు. పెళ్ళాం రాములమ్మ కొండమీది పిల్ల. వాళ్ళకు సీతాలు ఒక్కతే కూతురు. సీతాలుకి ఆయాసం. కాస్త పొగ తగిలితే చాలు, గుండెల్లో పిల్లికూన గురగురలాడినట్టు చప్పుడు.

ఓనాడు కొండ మీంచి కబురొచ్చింది. రాములమ్మ తల్లి మంచం పట్టింది. గంజి కూడా ముట్టడం లేదు. "సీతాల్ని ఓసారి నా కళ్ళబడనివ్వండి" అంటోందిట.

కారెక్కారు. మొదటి మలుపు తిరిగేసరికి లోపలంతా పొగ కంపు. పిల్లకి ఊపిరాడలేదు. వెనక్కి వచ్చేశారు.

మర్నాడు అద్దాలు దించుకుని ఎక్కారు. ఈసారి ఇంకో మలుపు దాటారు. అంతే, పిల్ల పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. మళ్ళీ వెనక్కి.

మూడోసారి కారు కొండవైపు పోలేదు. తిన్నగా పైడయ్య షెడ్డుకి పోయింది.

"మావా! నీకు దండం పెడతాను, దీని సంగతి చూడు. పైన మా అత్త పానం పిల్లకోసం కొట్టుకుంటోంది" అన్నాడు దాలినాయుడు.

పైడయ్య బానెట్టు ఎత్తి చెవి పెట్టాడు. చుఫ్, చుఫ్, చుఫ్. ఇంజను పక్కనుంచి నూనె కారుతోంది.

"చల్లారనీ అల్లుడా, చల్లారనీ."

ఇక్కడ కాస్త ఆగి వినండి. ఇది తెలిస్తేనే కథ తెలుస్తుంది. ఇంజనుకి పైన ఓ మూత ఉంటుంది. కుక్కరు మూతకు రబ్బరున్నట్టే, ఆ మూత కిందా ఓ రబ్బరు అంచు ఉంటుంది. దాన్ని గ్యాస్కెట్టు అంటారు. అది గట్టిపడిపోతే నూనె కారుతుంది. ఆ మూతలోంచి కిందికి ఇంజెక్టర్లు దిగి ఉంటాయి. అవి లోపలికి డీజిలు చిమ్ముతాయి. ఒక్కో ఇంజెక్టరు చుట్టూ ఓ సీలు, అడుగున కాలిమెట్టెంత రాగి వాషరు. ఆ వాషరు సరిగ్గా ఆనకపోతే లోపల మండిన పొగ పైకి తన్నుతుంది. అదే చుఫ్ చుఫ్. అదే సీతాలు గుండెల్లోకి పోయే పొగ. తెలిసిందా? సరే, పదండి.

ఇంజను చల్లారింది. ఇంజెక్టర్లు మసి పట్టి బిగుసుకుపోయి ఉన్నాయి. దాలినాయుడు పెద్ద పానా అందుకున్నాడు.

"ఉండెహె! లాగితే విరుగుద్ది. అడిగితే వస్తది" అన్నాడు పైడయ్య. చుట్టూ కాస్త డీజిలు పోశాడు. నానబెట్టాడు. ఇటు కొంచెం తిప్పాడు, అటు కొంచెం తిప్పాడు. పళ్ళూడే వయసు పిల్లాడి పన్ను కదిలినట్టు ఒక్కోటీ కదిలి వచ్చింది. కొత్త వాషర్లు వేశాడు, కొత్త సీళ్ళు వేశాడు, మూత కింద కొత్త గ్యాస్కెట్టు పరిచాడు. బోల్టులు నడిమి నుంచి అంచులకు, కొంచెం కొంచెంగా బిగించాడు.

కారు స్టార్టు చేశారు. పైడయ్య లోపల కూర్చుని పీల్చి చూశాడు. వాసన లేదు. దాలినాయుడు పీల్చాడు. వాసన లేదు.

సీతాలు ఎక్కింది. ఎక్కీ ఎక్కగానే గౌను ఎత్తి ముక్కు మూసుకుంది.

"వాసన వత్తంది" అంది.

"ఏటొత్తంది? నీ మొహం! భయంతో అంటోంది మావా. ఎక్కవే రాములూ, పోదాం" అన్నాడు దాలినాయుడు.

పైడయ్య కారుకి అడ్డంగా నిలబడ్డాడు.

"అల్లుడా, నా ముక్కు డీజిల్లో ఊరి చచ్చింది. నీ ముక్కు బీడీపొగలో చచ్చింది. ఇక్కడ బతికున్న ముక్కు ఈ పిల్లదొక్కటే. అది వత్తందంటే వత్తన్నట్టే."

మళ్ళీ బానెట్టు లేచింది. చల్లారనీ, చల్లారనీ. మళ్ళీ మూత తీశాడు. ఒక్కో గుంతలోకీ వంగి చూశాడు. ఓ గుంత అడుగున పాత రాగి వాషరు అంటుకునే ఉంది. మసి పట్టి గుంతలో కలిసిపోయి, అది కూడా గుంతేనేమో అన్నట్టుంది. దాని మీదే కొత్తది వేసేశాడు.

"పాతదాన్ని తియ్యకుండా కొత్తది పెట్టానమ్మా. తప్పు నాదే" అన్నాడు సీతాలుతో, పెద్దవాళ్ళతో చెప్పినట్టు.

వంచిన తీగతో పాత వాషరు పైకి లాగాడు. కర్రకు గుడ్డ చుట్టి గుంత అడుగు తుడిచాడు. ఒకసారి బిగించి నలిగిన వాషరు మళ్ళీ పనికిరాదని ఇంకో కొత్తది వేశాడు. అన్నీ మూశాడు.

సీతాలు ఎక్కింది. "తక్కువైంది తాతా. కానీ వత్తంది."

దాలినాయుడు నెత్తి కొట్టుకున్నాడు. రాములమ్మ కొండవైపు చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. పైడయ్య మాత్రం మళ్ళీ వంగాడు. కారిన పాత నూనె పొగగొట్టం మీద మాడుతోంది. చల్లారనీ, చల్లారనీ. గుడ్డ వేసి అద్దంలా తుడిచాడు.

మూడోసారి సీతాలు ఎక్కింది. పక్క సీట్లో పైడయ్య, ఊపిరి బిగబట్టి.

"వత్తందా తల్లీ?"

"వత్తంది."

"ఓలమ్మో!" అంది రాములమ్మ.

"కారుది కాదే అమ్మా. ఈ తాతదే!"

టీకొట్టు టీకొట్టంతా గొల్లుమంది. పైడయ్య నవ్వుతూ దిగి, రోడ్డు దాటి, తన మీంచి గాలి కారువైపు పోని చోట నిలబడ్డాడు. "ఇప్పుడో?" అని కేకేశాడు.

సీతాలు ముక్కు మీంచి గౌను తీసింది. గుండెల నిండా పీల్చింది. అడ్డంగా తల ఊపింది.

కారు కొండెక్కింది. మొదటి మలుపు, రెండో మలుపు, ఆపైన మలుపులన్నీ. ముసలమ్మ మనవరాలి చెంపలు రెండు చేతులా నిమిరింది. దాని చేత్తో గంజి తాగింది. ఆ తర్వాత ఎన్నాళ్ళు బతికిందని అడక్కండి. చూడాలనుకున్నదాన్ని చూసింది.

పైడయ్య పోయిననాడు ఆ దారి మీది బండ్లేవీ కదల్లేదు. వరసగా, బానెట్లెత్తి, చల్లారేదాకా నిలబడ్డాయి.

ఇప్పటికీ గెడ్డదరిలో ఏ డీజిలు బండి ఇంజను మూత తీసి మూసినా, మెకానిక్కు రోడ్డు దాటిపోయి నిలబడతాడు. దగ్గర్లో ఆడుకుంటున్న పిల్లల్లో అందరికన్నా చిన్నదాన్ని పిలిచి సీట్లో కూర్చోబెడతారు. టీకొట్టులో రేడియో తగ్గిస్తారు. పిల్ల అడ్డంగా తల ఊపితే బండి కదులుతుంది. నిలువుగా ఊపిందా, బానెట్టు మళ్ళీ లేస్తుంది. ఎవరూ విసుక్కోరు.

బండ్లకే కాదు. ఆ ఊళ్ళో పెళ్ళిసంబంధం చూడ్డానికి వస్తారు. మంచి కుటుంబం అంటారు, మంచి కుర్రాడు అంటారు, ముహూర్తం పెట్టేద్దాం అంటారు. పెద్దలంతా తలలు ఊపేస్తారు. అప్పుడు ఏ మూలనుంచో ఓ ముసలమ్మ గొంతు సవరించుకుంటుంది.

"అంతా బాగానే ఉంది నాయనా. బతికున్న ముక్కుని అడిగారా?"

అప్పుడు అందరూ మాటలాపి, పెళ్ళికూతురి వైపు తిరుగుతారు.