పుట్టింటిరేవు పురిటిగంగమ్మ

పూర్వం కళింగ తీరంలో, శంఖినీ నది సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఉగ్రకేసరి అనే మండలాధీశుడు ఏలుబడి చేసేవాడు. పరాక్రమానికి లోటు లేదు గాని, ఎవరైనా కాదంటే ఆ పూట అన్నం సయించని ప్రభువు ఆయన. ఆ యేడు దసరా ఆయుధపూజకు కొత్త ఖడ్గం చేయించి, చెమటపట్టినా పిడి జారకుండా దానికి కర్రుమోర చేప తోలు చుట్టించాలని సంకల్పించాడు. ముందు నాగలికర్రులా పలకగా, కోసుగా, వెనక సొరచేపలా ఉండే ఈ జలచరం, చాటలా వెడల్పుగా ఉండే టేకుచేపల వంశానిది. ఒడ్డునీటిలో ఇసుక కప్పుకుని పడుకుంటుంది. గుడ్లు పెట్టక పిల్లలనే ఈనుతుంది. ఆ తోలు తెచ్చి ఇవ్వండి, లేదా రేవు ఖాళీ చేసి పొండి అని అక్కడి గంగపుత్రులకు ఆజ్ఞ అయింది.

వలపెద్ద మాసేనయ్య ఊరందరినీ కూడగట్టి పెద్దవల వేయించాడు. ఒడ్డున రెండు జట్లుగా నిలిచి తాళ్లు లాగుతుండగా నిలువెత్తు కర్రుమోర చిక్కింది. ఊరు నిలిచిందని అందరూ కేకలు వేస్తుండగానే, ఆ చేప మోకాలిలోతు నీటిలో నొప్పులు పడుతూ ఒక పిల్లను ఈనింది. ఊరి మంత్రసాని అసిరమ్మ అది చూసి గబగబా నీళ్లలోకి దిగి, బొడ్డు కోసే కత్తితోనే వల కోసి దానికి దారి ఇచ్చింది.

"ఏటప్పా ఇది? నోటికాడ కూడు నీల్లపాలు సేసినావు! రేపు మనం ఏ రేవుకెల్లి బతకాల?" అని మాసేనయ్య నెత్తి బాదుకున్నాడు.

"నోర్ముయ్యరా! కడుపుతోటి మన రేవుకొచ్చిందంటే పుట్టింటికొచ్చినట్టే. పురిట్లో ఉన్న ఆడపిల్లని దొరకి అప్పగిత్తావా? పురిటి తానమయ్యేదాకా ఈ నీట్లో వల తడిపితే నా మీదొట్టు!" అంది అసిరమ్మ.

పురుడు వచ్చిన ఇంటివారు వల తడపకూడదన్నది ఆ రేవులో తాతలనాటి కట్టుబాటు. చేపకు పురుడు పట్టడం మాత్రం అంతకుముందు ఎవరూ విని ఎరుగరు. అయినా పుట్టిల్లు అన్న మాట చెవిన పడ్డాక తాడు పట్టడానికి ఒక్క చెయ్యీ లేవలేదు. మాసేనయ్య భార్యే ఇంటికి వెళ్లి పసుపు తెచ్చి నీళ్లలో చల్లింది. ఊరు పోతుందని తెలిసి కూడా వలలు ఎత్తి ఆరగట్టారంటే, ఆ గుండెలకు చేతులెత్తి మొక్కాలి.

కబురు విన్న ఉగ్రకేసరి సైన్యంతో వచ్చి, మొగ పక్కన గుడారాలు వేయించి, గుడిసెలు కూల్చమన్నాడు. అసిరమ్మ దారికి అడ్డంగా నిలిచింది.

"దొరబాబూ, తమరి అమ్మగోరు తమర్ని కన్నదీ పుట్టింట్లోనే గదా! ఆ గుమ్మంలోకి కత్తట్టుకొని ఎవులైనా వచ్చుంటే తమరీయేల ఉందురా?"

ప్రభువు ముఖం కందగడ్డ అయింది. ఆయన బదులు చెప్పేలోగా తుఫాను విరుచుకుపడింది. పైన కొండల్లో కురిసిన వాన వరదై దిగివస్తే, మొగకు అడ్డంగా మేటవేసిన ఇసుక నదిని కడలిలో కలవనివ్వలేదు. నీరు వెనక్కి తన్ని గుడిసెలనూ, గుడారాలనూ, కాదంటే ఓర్వని ఆ దొరనూ సమానంగా ముంచెత్తసాగింది.

అప్పుడు సముద్రం వైపునుంచి ఆ తల్లిచేప, పిల్లలు వెంటరాగా, అలల మీద కనిపించింది. కర్రువంటి మోరను ఇసుకమేటలో గుచ్చి, దుక్కి దున్నినట్టు దాన్ని చీల్చుకుంటూ వచ్చింది. తెరుచుకున్న చాలులోకి నది సింహనాదం చేస్తూ దూకింది. కళ్లముందే నీరు తీసింది. "మా ఆడపిల్లే! మా ఆడపిల్లే!" అని ఊరు ఊరంతా ఎలుగెత్తి అరిచింది. మొలలోతు బురదలో నిలిచిన ఉగ్రకేసరి జన్మలో మొదటిసారి తల వంచి, తన ఖడ్గాన్ని అసిరమ్మ పాదాల చెంత పెట్టి, పసిపిల్లవాడిలా ఏడ్చాడు. రేవును ఆ గంగపుత్రులకే శాశ్వతంగా ధారపోసి, అక్కడే పురిటిగంగమ్మను ప్రతిష్ఠించి, ఆ చోటికి పుట్టింటిరేవు అని నామకరణం చేశాడు.

ఆ ఖడ్గం నేటికీ గర్భగుడిలో ఉంది. దాని పిడికి తోలు లేదు, ఆనాడు కోసిన వలతాడే చుట్టి ఉంది. అమ్మచాలు అని పిలిచే ఆ పాయ ఎంత తుఫానొచ్చినా పూడదు. ఇతర తీరాల్లో కర్రుమోరలు అరుదైపోయాయి, కొన్నిచోట్ల పేరే మరిచారు. ఇక్కడికి మాత్రం ఏటేటా ఈనడానికి వస్తాయి. ఊరు వలలెత్తి, పసుపూ, బాలింతలకు పెట్టే పురిటికాయమూ నీటికి సమర్పించి, డప్పులతో పండుగ చేస్తుంది. నీటిలో మొదటి కర్రుమోర కనబడగానే "ఆడపిల్లొచ్చింది, వలలెత్తండర్రా!" అని కేక వేసే హక్కు మాసేనయ్య వంశానిదే, ఆ హక్కును వారు ఇంతవరకు ఎవరికీ వదులుకోలేదు.