షష్ఠి తీర్థంలో ఎత్తుకోని పద్యం

డాక్టర్ పేర్రాజు గారికి ఒక అలవాటుంది. మండపేటలో నలభై ఏళ్లుగా పళ్ల వైద్యం చేస్తున్న ఆయన, కుర్చీలో కూర్చున్నవాళ్లను నోరు తెరవమనే ముందు "ఈ నోటితో మీరు చేసే పనేమిటండీ?" అని అడుగుతారు. ఆ జవాబు ఓపీ చీటీలో మొదటి గీత మీద రాస్తారు. కొందరు నవ్వి "తింటానండీ" అంటారు. ఆయన అదీ రాస్తారు.

విశాఖపట్నం నుంచి వచ్చి ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న ప్రవల్లికకు ఇది పెద్దాయన చాదస్తంగా తోచేది. చదువు కొత్తది, చెయ్యి చురుకైనది. ఆ గీతను ఖాళీగా వదిలేసినా ఇన్నాళ్లూ ఏ లోటూ రాలేదు. పళ్లు తెల్లబరిచే లైటు కొనిపించింది కూడా ఆమే. కొన్నాక ఆమెకే అనుమానం పట్టుకుంది. వచ్చినవాళ్లలో సగం మంది "నిజంగా పనిచేస్తుందా?" అంటారు, తక్కిన సగం "పళ్లు పాడైపోతాయటగా?" అంటారు. ఒక సాయంత్రం గురువుగారు పక్క ఊళ్లో వైద్య శిబిరం ముగించుకుని రాగానే అడిగేసింది.

"సార్, ఈ వైద్యం మంచిదా, చెడ్డదా? ఒక్క మాటలో చెప్పండి."

ఆయన బల్ల మీదున్న ఆనాటి చీటీ చూస్తున్నారు. సీతారత్నం, యాభై రెండేళ్లు. మొదటి గీత మీద ఏమీ లేదు.

"ఈవిడకు ఇవాళ నువ్వే చేశావా?"

"అవును సార్, చూడండి" అని ప్రవల్లిక ఫోన్లో ఫొటోలు చూపింది. గర్వపడదగ్గ పనే. చిగుళ్లకు మందు తగలకుండా జాగ్రత్తగా పూత వేసింది, మూడు విడతలు మందు పెట్టింది. ఏళ్ల తరబడి కిళ్లీలు పట్టించిన రంగు గంటలో ఎంతో తేలిపోయింది. చెప్పవలసినవన్నీ చెప్పింది కూడా. రెండు రోజులు కాఫీ, కిళ్లీ వద్దు. చల్లనివి తాగితే పళ్లు జివ్వుమంటాయి. "చల్లనివి నేనెప్పుడూ తాగనమ్మా, గొంతుకు పడవు" అని ఆవిడ నవ్వింది. ఎందుకు పడవని ప్రవల్లిక అడగలేదు.

పేర్రాజు గారు సొరుగులోంచి జివ్వుమనడం తగ్గించే పేస్టు తీసి వెంటనే ఆవిడ ఇంటికి పంపించారు. అది ఒక్క రోజులో గుణమిచ్చేది కాదని ఇద్దరికీ తెలుసు. "రేపు షష్ఠి తీర్థానికి వెళదాం, ఖాళీగా ఉండమ్మా" అని మాత్రం అన్నారు.

మర్నాడు సాయంత్రం జీళ్ల దుకాణాలూ రంగులరాట్నమూ దాటి పందిట్లోకి వెళ్లేసరికి హరికథ మొదలవుతోంది. కాళ్లకు గజ్జెలు కట్టి, చేత చిడతలు పట్టుకుని నిలబడిన భాగవతారిణిని చూసి ప్రవల్లిక నిలువునా చల్లబడిపోయింది. సీతారత్నం. ఈ ఏడాది కథను కెమెరాలతో తీస్తున్నారు. పాపం, అందుకే ముస్తాబు చేయించుకుంది. మార్గశిర మాసపు చలిగాలి పొలాల మీదుగా సూటిగా పందిట్లోకి కొడుతోంది.

పాడేవాళ్లు ఊపిరి నోటితో లాగుతారు. లాగిన ప్రతిసారీ ఆవిడ కనుబొమలు ముడిపడుతున్నాయి, చిడతల దెబ్బ తప్పుతోంది. పాతికేళ్లుగా ఆ వేదిక మీద తాళం తప్పని మనిషి. పెదవులు దగ్గరపెట్టుకుని వచనంతోనే కథ లాక్కొచ్చింది. జనం ఏటా ఎదురుచూసే పద్యం దగ్గరికొచ్చింది. పెళ్లికూతురు తన మనసు విప్పి కబురు పంపే పద్యం, సాగదీసి పాడితే పందిరంతా కదిలిపోయే పద్యం. హార్మోనియం శ్రుతి ఇచ్చింది. సీతారత్నం నోరు తెరిచింది, గాలి పీల్చింది, చటుక్కున మూసేసింది. "అలా కబురు పంపింది నాయనలారా" అంటూ కథను దాటించేసింది.

ప్రవల్లిక పక్కన కూర్చున్న ముసలావిడ ఆమె మోచేయి తట్టింది. "ఆవిడ పళ్లు చూశావా అమ్మా, ఎంత తెల్లగా ఉన్నాయో! ఆ పద్యం కోసం రెండు బస్సులు మారి వచ్చాను. ఎత్తుకోనే లేదేంటో."

ప్రవల్లికకు ఏడుపొచ్చింది. కథ అయ్యాక వేదిక వెనక్కి వెళితే సీతారత్నం శాలువా నోటికి అడ్డంపెట్టుకుని కూర్చుని ఉంది.

"గాలి తగిలితే ప్రాణం పోతోందమ్మా. ఇది ఇలాగే ఉండిపోతుందా?"

"లేదండీ, రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. నేను ముందే అడగాల్సింది."

"తగ్గిపోతుందిగా, అంతే చాలు" అంది ఆవిడ, గజ్జెలు విప్పుకుంటూ. "షష్ఠి మళ్లీ ఏడాదికేగా."

తిరిగి వస్తున్న దారిలో ప్రవల్లిక "అర్థమైంది సార్. ఇక ఆ లైటు జోలికి పోను" అంది.

"పోవద్దని నేననలేదే. పని బాగా చేశావు. చివరి వరసలో ఉన్న నాకే కనిపించాయి ఆ పళ్లు" అన్నారు పేర్రాజు గారు. నాలుగడుగులు వేశాక, మఫ్లరు సర్దుకుంటూ మళ్లీ అన్నారు.

"మంచిదా, చెడ్డదా అని నన్నడిగావు. పాడేది నేను కాదు గదమ్మా."