వెయ్యిన్నీ తొమ్మిది విస్తళ్ళు

పిల్లలూ, ఈ కథ మీకెప్పుడూ చెప్పలేదు. మనముంటున్న ఊళ్ళో బంతి భోజనాలు లేవు కనుక ముందే చెబుతున్నాను. బంతి అంటే ఆడుకునేది కాదు, విస్తళ్ళు వేసుకుని వరసగా కూర్చోవడం. వడ్డించేవాళ్ళు అందరి తర్వాత తింటారు, కాబట్టి వాళ్ళు లెక్కలోకి రారు. ఇది మరిచిపోకండి.

వేణుగిరిని ఏలే పద్మరాజు కొత్త కోట కట్టించాడు. పూర్తయిన రోజున, పనిచేసిన అందరికీ విందు. తనతో, ఆస్థానంవాళ్ళతో కలిపి లెక్క తేలింది: వెయ్యిన్నీ తొమ్మిది మంది.

"ఒకటే పొడుగు బంతి వేయకండి, చివరివాళ్ళ ముఖం నాకు కనబడదు. చాలా బంతులు వేయండి. అన్నీ సమానంగా ఉండాలి, ఒక్కరూ విడిగా మిగలకూడదు. అప్పటిదాకా నేనూ ముద్ద ముట్టను," అన్నాడు రాజు.

ఆస్థాన గణకుడు శంఖభట్టు ఉత్తరీయం సర్దుకున్నాడు. "ఇదెంత ప్రభూ! నేను పంచలేని లెక్క ఇంకా పుట్టలేదు."

ఇద్దరిద్దరి నుంచి ఆరేసి మంది దాకా చూశాడు, కుదరలేదు. ఏడేసి మందిని కూర్చోబెట్టాడు. ఒకరు మిగిలారు. ఎనిమిదేసి మందిని. ఒకరు. తొమ్మిదేసి. మళ్ళీ ఒకరే. ప్రతిసారీ ఆ ఒక్కరూ చివర నిలబడ్డ నాగులవ్వే, మూడేళ్ళు సున్నం తట్టలు మోసిన ముసలమ్మ. పదికి తొమ్మిది మంది, పదకొండుకి ఎనిమిది మంది మిగిలారు. అలా ముప్పైఒకటి దాకా వచ్చాడు. రాజుగారి కడుపు గుర్రుమంది.

"ముప్పైరెండు చూద్దాం!" అన్నాడు శంఖభట్టు.

"వద్దు పంతులుగారూ," అన్నాడు పప్పు గరిటెతో నిలబడ్డ కోనప్ప. "ముప్పైరెండేసి మందితో ముప్పైరెండు బంతులంటే వెయ్యిన్నీ ఇరవైనాలుగు. మనం అంతమంది లేం. ఇక బంతి పొడుగు పెంచితే బంతుల సంఖ్య అంతకు లోపే ఉంటుంది. ఆ సంఖ్యలన్నీ చూసేశారుగా! ఇది ముక్కలయ్యే లెక్క కాదు."

శంఖభట్టు ముఖం ఎర్రబడింది. "దోషం లెక్కలో లేదు, ఆ ముసలిదానిలో ఉంది! దాన్ని పంపేస్తే వెయ్యిన్నీ ఎనిమిది. ఎలా కావాలంటే అలా పంచొచ్చు."

నాగులవ్వ మూడేళ్ళుగా ఈ విందు కోసమే చూసింది. విస్తరి మడిచి చంకలో పెట్టుకుంది.

"ఉండవ్వా," అన్నాడు కోనప్ప. "పంతులుగారూ, ఒక్కరు లేస్తే చాలా?"

"చాలు."

"ఎవరు లేచినా వెయ్యిన్నీ ఎనిమిదేనా?"

"ఎవరైనా అంతే! ఆమాత్రం తెలీదూ?"

"అయితే మీరు లేవండి."

కోటంతా గొల్లుమంది. రాజు నవ్వాపుకున్నాడు. "ఎవరూ లేవడానికి వీల్లేదు. మరి దారేది, కోనప్పా?"

కోనప్ప గరిటె కింద పెట్టి, నాగులవ్వ పక్కనే ఇంకో విస్తరి వేసుకుని చతికిలబడ్డాడు.

"ఇప్పుడు వెయ్యిన్నీ పది, ప్రభూ. పదేసి మంది, నూటొక్క బంతులు."

"ఇంతేనా! నాకెందుకు తోచలేదు?" అన్నాడు శంఖభట్టు.

"మీరు ఒకరిని పంపేద్దామని చూశారు గానీ, ఒకరిని పిలుద్దామనుకోలేదు పంతులుగారూ!"

రాజు పగలబడి నవ్వి, తన కంకణం తీసి కోనప్ప చేతికి తొడిగాడు. నాగులవ్వ విస్తట్లో తొలి గరిటె నెయ్యి తానే వడ్డించాడు.

మీరూ ఎవరికైనా ఈ కథ చెప్పండి. కానీ సంఖ్య జాగ్రత్త, వెయ్యిన్నీ తొమ్మిది. పొరపాటున ఎనిమిది అన్నారో, నాగులవ్వను మీరే లేపేసినట్టు!