ఏడవని పిల్ల

దుప్పి చుక్కలమ్మది తొలిచూలు. వాగు పక్క ఎత్తుగా పెరిగిన గడ్డిలో పిల్లను పడుకోబెట్టి, తాను దూరంగా మేస్తోంది. దుప్పుల ఇళ్లలో పెంపకం అలాగే. తల్లి పక్కనే తచ్చాడితే ఆ వాసనకే మృగాలు వాలతాయి. అందుకే తల్లి వచ్చి పిలిచేదాకా పిల్ల చెవైనా కదపదు.

ఆ పిల్ల కోసం గడ్డినంతా గాలించి విసిగిపోయిన నక్క, నిట్టూరుస్తూ వచ్చి చుక్కలమ్మ ఎదుట కూర్చుంది.

"ఏం చెల్లెమ్మా, కన్నతల్లివేనా నువ్వు? ఆ కొండముచ్చును చూడు. పిల్ల పొట్ట వదిలితే ఒట్టు!"

"మా ఆచారం వేరన్నా."

"ఆచారమా, పాడా! నీ పిల్ల ఒక్కసారైనా అమ్మ కోసం ఏడ్చిందా? ఏడవలేదంటే నీమీద మమకారం లేనట్టేగా!"

చుక్కలమ్మ మేత ఆపి తలెత్తింది. నక్క మాట నమ్మకూడదని తెలుసు. కానీ నిజంగానే పిల్ల ఏనాడూ ఏడవలేదు.

"ఒక్క పిలుపు పిలువు. పరిగెత్తుకొస్తే నీ బిడ్డే. నేనూ కళ్లారా చూసి సంతోషిస్తా," అంది నక్క.

చుక్కలమ్మ గడ్డి అంచుదాకా వెళ్లి మెడ చాచింది. ఎందుకో ఒకసారి వెనక్కి చూసింది. నక్క నేలకు కరుచుకుని, కాళ్లు కూడదీసుకుని ఉంది. దాని చూపు గడ్డి మీదే ఉంది.

పిలవబోయినదల్లా ఆగిపోయింది. పిల్ల నాలుగడుగుల్లోనే ఉంది మరి.

"నా మాటకు రాదేమో అన్నా, భయంగా ఉంది. నువ్వే వచ్చి బుద్ధి చెప్పు," అంటూ చుక్కలమ్మ గడ్డిని దాటేసి వాగు మలుపుకు నడిచింది. అక్కడ కొమ్మలూ ఆకులూ పోగేసిన పెద్ద కుప్ప ఉంది. లోపల నుంచి కుయ్ కుయ్‌మని సన్నటి మూలుగు వినిపిస్తోంది.

ఆత్రగాడికి బుద్ధి మట్టు అంటారు. నక్క ఒక్క దూకు దూకి తల లోపలికి దూర్చింది.

అది అడవిపంది గూడు. పందుల ఇళ్లలో పెంపకం ఇంకో తీరు. ఈనిన తల్లి పిల్లల్ని వదిలి కదలదు. పిల్ల కీచుమంటే ముందు కుమ్మి, ఆ తర్వాత ఎవరని అడుగుతుంది.

కుప్ప బద్దలైంది. చెవి చీలి, డొక్క పగిలి, నక్క ఎగిరి వాగులో పడింది.

"ఎవడ్రా వాడు, నా పిల్లల దగ్గర మూతి పెట్టింది?" అని పంది ఒడ్డున రంకె వేసింది.

"పిల్లను వదలని తల్లే తల్లి అన్నావుగా అన్నా," అంది చుక్కలమ్మ. "కళ్లారా చూసుకో."

నక్క తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా అవతలి ఒడ్డెక్కి కుంటుకుంటూ పోయింది. అది కొండ దాటేదాకా చుక్కలమ్మ కదలలేదు. అప్పుడెళ్లి మెల్లగా పిలిచింది. గడ్డి చీల్చుకుని వచ్చి పిల్ల పొదుగు అందుకుంది.

నీతి: పెంపకం ఇంటికో తీరు, నీ పెంపకానికి వంక పెట్టేవాడి చూపు ఎటుందో ముందు చూసుకో.