వేరు రసం పట్టే చెయ్యి

సన్యాసయ్య గురువుని ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పడు. తన పని తాను చేసుకుపోతాడు. జవాబు దానంతటది వచ్చేదాకా అడిగినవాడు కాచుకుని కూర్చోవలసిందే.

నల్లమందు మరిగినవాళ్లకి ఆయన కొండ మీద దొరికే ఒక వేరు నూరి రసం ఇస్తాడు. అది తాగినవాడు కళ్లు తెరిచి ఉండగానే కలలు కంటాడు. చచ్చిపోయిన తల్లి వచ్చి పక్కన కూర్చుంటుంది. చిన్నప్పుడు రాయి పెట్టి కొట్టిన కుక్క వచ్చి మొహంలోకి చూస్తుంది. ఏడ్చి, కక్కి, పడి లేచాక ఇంక నల్లమందు వాసనే గిట్టదు. లేచినవాళ్ల సంగతి అది. ఒంట్లో నల్లమందు ఉండగా రసం పడితే గుండె ఆగిపోతుంది. అలా ఒకడు లేవలేదు. అప్పట్నుంచి గురువు పాకలో ఒక కట్టడి పెట్టారు. వచ్చినవాళ్లందరికీ ఈ సంగతి ముందే చెబుతారు. గిన్నె మాత్రం ఇంటిమనిషే నోటికి అందించాలి. గురువు కాదు, శిష్యుడూ కాదు.

శిష్యుడు గవరయ్య వేరు తవ్వడం, నూరడం, వడగట్టడం అన్నీ నేర్చేశాడు. ఒక పొద్దున్న ఉండబట్టలేక అడిగాడు.

"గురువా, నా అంతట నేను మందు ఇచ్చేది ఎప్పుడు?"

గురువు చింతపండు పిక్కలు తీస్తున్నాడు. తలెత్తకుండానే, "అప్పలకొండ వస్తన్నాడు. నువ్వే సూడు," అన్నాడు.

అప్పలకొండని పెళ్లాం నూకాలు నడిపించుకొచ్చింది. మనిషి ఎండుచేపలా ఉన్నాడు గానీ నిమ్మళంగా ఉన్నాడు. గవరయ్యకి అదే మంచి గుర్తనిపించింది.

"నల్లమందు ఎప్పుడు మానేశావు?"

"అమాస నుంచి ముట్టలేదు బాబూ. పిల్లల మీద ఒట్టు."

గవరయ్యకి ఆ ఒట్టు చాలింది. గిన్నె తెచ్చి నూకాలు చేతిలో పెట్టాడు. ఆవిడ పుచ్చుకుంది గానీ మొగుడి నోటిదాకా తీసుకెళ్లదు. కొంగు సర్దుకుంటుంది. గుమ్మంకేసి చూస్తుంది. రసం అంచుదాకా వచ్చి తొణుకుతోంది.

"పట్టమ్మా," అన్నాడు గవరయ్య.

"పడతన్నాను. లేస్తాడా బాబూ?"

"రేపటికి లేస్తాడు."

"లేవకపోతే?"

"నీ మొగుడు ఒట్టేశాడు కదా, ఇంకేటి నీ బాధ?"

అయినా ఆవిడ కదల్లేదు. "దానికన్నీ బయాలే. మా పెళ్లినాడూ ఇలాగే నిలబడిపోయింది. మీరే పట్టీండి," అని అప్పలకొండ నోరు తెరిచాడు. గవరయ్యకి విసుగొచ్చింది. గిన్నె లాక్కుని అతని పెదాలకి ఆనించాడు.

గురువు చింతపండు వదిలేసి లేచాడు. ఆయన కంటే ముందు నూకాలే గిన్నెని ఒక్క దెబ్బ కొట్టింది. రసమంతా గవరయ్య పంచె మీద పడింది.

"పొద్దున్నే బెల్లంలో పెట్టి గోరంత నల్లమందు ఇచ్చాను," అంది నూకాలు. "ఇవ్వకపోతే అడుగు తీసి అడుగు ఎయ్యడు. కొండెక్కించడానికి నెత్తినెట్టుకు రమ్మంటారా?"

అప్పలకొండ నేల చూపులు చూశాడు.

గురువు ఎవర్నీ తిట్టలేదు. "ఇద్దరూ ఇక్కడే ఉండండమ్మా. గంజి తాగండి. అది ఒంట్లోంచి పూర్తిగా పోయాక సూద్దాం," అన్నాడు. పొద్దు వాలేసరికి అప్పలకొండ నల్లమందు అందక ముడుచుకుపోయి పెళ్లాం మీద బూతులు లంకించుకున్నాడు. నూకాలు అంతకంటే పెద్ద బూతులు తిడుతూనే అతని కాళ్లు పట్టింది.

గవరయ్య పంచె ఉతుక్కుని వచ్చి గురువు ముందు నిలబడ్డాడు. "తప్పయిపోయింది. ఇకమీదట ఇంటోళ్ల చేత కూడా ఒట్టేయిస్తాను," అన్నాడు.

"గిన్నె పట్టుకున్నప్పుడు నూకాలు చెయ్యి సూశావా?" అన్నాడు గురువు.

"వణికింది."

"నీది వణకలేదు. ఇంకొన్నాళ్లు వేళ్లు తవ్వు."