ముందు వాటాకు ఎవరు?

సుందరశివంగారిని ప్రశ్న అడగడమంటే కోరి పని నెత్తిన వేసుకోవడమే. విజయనగరంలో సాయంత్రాలు ఆయన దగ్గర గీత వినేవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. శ్లోకానికి అర్థం అడిగినా "వెళ్లి ఫలానా వాళ్లను కలిసి రా" అంటారు తప్ప, తిన్నగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. అన్నీ తెలిసే భద్రం అడిగాడు. గడియారాలు బాగుచేసుకుని బతికే ఆ మనిషికి వారం రోజులుగా కంటిమీద కునుకు లేదు మరి.

"గురువుగారూ, మనిషిని ఇంట్లో అద్దెకు పెట్టుకోకముందే అతనెలాంటివాడో తెలిసేదెలాగండీ?"

భద్రానిది రెండు వాటాల పెంకుటిల్లు. వెనక వాటాలో తనూ, అక్క నాగరత్నమూ. పక్షవాతం వచ్చి తగ్గాక ఆవిడ కుడికాలు ఈడుస్తూ గోడ పట్టుకుని నడుస్తుంది. వీధిలోకి రావాలంటే ముందు వాటా అరుగు మీదుగానే దారి. కిందటిసారి అద్దెకున్నాయన పెద్ద ఉద్యోగి, ఇస్త్రీ చొక్కా, ఒకటో తారీకుకల్లా అద్దె. ఆ అరుగు మీదే మోటారుసైకిలు అడ్డంగా పెట్టేవాడు. ఎన్నిసార్లు చెప్పినా "అలాగేనండీ" అనేవాడు, మళ్లీ అక్కడే పెట్టేవాడు. ఒక మధ్యాహ్నం ఆవిడ దానికి తట్టుకుని పడింది. తుంటి విరిగి నాలుగు నెలలు మంచాన ఉంది. ఇంకోసారి పడితే లేవడం కష్టమని డాక్టరు చెప్పేశాడు. పోనీ వాటాకు తాళం వేసుకుందామంటే, పగలంతా భద్రం కొట్లో ఉంటాడు, అక్క పిలిస్తే పలికే దిక్కుండదు.

ఇప్పుడు ఇద్దరొచ్చి వాటా చూసుకు వెళ్లారు. ఒకాయన కరెంటాఫీసు గుమాస్తా వరహాలు. రెండోవాళ్లు టిఫిను బండి పెట్టుకునే సత్తెయ్య, అతని భార్య. అంతా విని గురువుగారు, "వాళ్లిప్పుడున్న ఇళ్లవాళ్లను అడిగి రా," అన్నారు.

భద్రం వెళ్లాడు. వరహాలు ఇంటాయన కాఫీ ఇచ్చి మరీ పొగిడాడు. "అలాంటి మనిషి కోటికొకడండీ! ఎప్పుడు చేరతానన్నాడు? ఈ వారమేనా?" అన్నాడు. సత్తెయ్య ఇంటాయన మాత్రం పేరెత్తగానే అంతెత్తున లేచాడు. "వాడా! పొయ్యి పొగతో గోడలు మసి చేస్తున్నా ఓర్చుకుని ఇన్నాళ్లు నీడనిస్తే, చెప్పాపెట్టకుండా ఇల్లు వెతుక్కుంటున్నాడా? విశ్వాసం లేని మనిషి!" అని గుమ్మంలోనే దులిపేశాడు.

హమ్మయ్య, తేలిపోయిందనుకుని భద్రం పరుగున వచ్చి చెప్పాడు. "వరహాలుకే ఇచ్చేస్తానండి."

గురువుగారు విసనకర్ర ఆపి, "మంచివాడు పోతానంటే ఎప్పుడు పోతాడా అని ఆరా తీస్తారట్రా? చెడ్డవాడు పోతుంటే పీడ వదిలిందనుకోక, అంతలా ఉడుక్కుంటారా?" అన్నారు.

భద్రానికి బుర్ర గిర్రున తిరిగింది. నిజమే కదా! పొగిడాడంటే వదిలించుకోవడానికే. తిట్టాడంటే వదలలేకే. అయితే సత్తెయ్యే బంగారం. అయినా ఎందుకైనా మంచిదని, మర్నాడు ఇరుగుపొరుగునూ కదిపి చూశాడు. వరహాలు పక్కింటావిడ, "చాలా మంచాయన బాబూ, ఇంటివాళ్ల అల్లుడు వస్తున్నాడని ఖాళీ చెయ్యమన్నారు, అంతే," అంది. సత్తెయ్య ఎదురింటి ముసలాయన, "ఆ ఇంటాయన నోరు మంచిది కాదు గానీ, పొయ్యి పొగ మాట మాత్రం నిజమే నాయనా, ఆ గోడ చూడు ఎలా మసిబారిందో," అని వేలు పెట్టి చూపించాడు.

ఇంకేముంది! పొగడ్తా నిజమే, తిట్టూ కొంత నిజమే, గురువుగారన్న మాటా అబద్ధం కాదు. ఎవరి మాట పట్టుకోవాలో, ఎవరి మాట వదలాలో భద్రానికి పాలుపోలేదు. ఆ రోజు కొట్లో ఒక గడియారం విప్పి, బిగించడం మరిచిపోయి సాయంత్రం దాకా దాని మొహమే చూస్తూ కూర్చున్నాడు. ఎవర్ని చేర్చుకున్నా అక్క పడిపోతున్నట్టే అనిపించింది. చివరికి పోయి గురువుగారి కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. "నా వల్ల కాదండీ. మీరే ఒక పేరు చెప్పండి, కళ్లు మూసుకుని ఇచ్చేస్తాను."

"ముందు వాటా చూపించు, పద," అన్నారాయన.

వెళ్లేసరికి నాగరత్నం అరుగు మీదే ఉంది. గురువుగారు ఆవిడ పక్కనే కూర్చుని, "ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు ఏమడిగారమ్మా?" అన్నారు.

"వరహాలుగారు మర్యాదస్తుడేనండి. మీటరు వేరేనా, కుళాయి ఎన్నింటికొస్తుంది, అన్నీ అడిగి రాసుకున్నారు. ఆ సత్తెయ్య భార్య మాత్రం లోపలికి పోకుండా ఇదిగో, ఈ గోడ చూసి ఆగిపోయింది." గోడ పొడుగునా నాగరత్నం చెయ్యి రాసుకుని నల్లబడిన చార ఉంది. "'పిన్నిగారూ, మీరిది పట్టుకు నడుస్తారా? అయితే బండి పక్కసందులో పెట్టుకుంటాం, ఈ వైపు చీపురుపుల్ల కూడా పెట్టను' అందండి."

భద్రం నోరు వెళ్లబెట్టాడు. "ఈ మాట నాకెందుకు చెప్పలేదే అక్కా?"

"నువ్వు అడిగితే కదా! పొద్దున్నే పోతావు, ఊరంతా తిరిగి ఏడుపుమొహంతో వస్తావు. ఇంక ఏం చెప్పనూ?"

భద్రానికి సిగ్గేసింది. ఆ వెంటనే మళ్లీ మొదలైంది. పొగ మాటో? గోడలు మసిబారితే? వరహాలుకూ గట్టిగా ఒక మాట చెబితే వినడా? పాపం, మంచాయనే కదా?

"ఇంతకీ ఎవరికివ్వమంటారు గురువుగారూ?"

సుందరశివంగారు అప్పటికే లేచి చెప్పులు వేసుకుంటున్నారు.

"నన్నడుగుతావేమిట్రా?" అన్నారు. "ఈ అరుగు మీద నడిచేది నేనా?"